నంది కొండల వైన్ తోటలు: వెళ్ళాలనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హిందూపురం. ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు యలహంకలో. ఈ రెండింటి మధ్యలోనే దేశంలో పేరున్న వైన్ ద్రాక్ష తోటలు ఉన్నాయని నాకు చాలా ఏళ్ళు తెలియదు. గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా రైల్లో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, మధ్యలో దిగింది మాత్రం ఒక్కసారీ లేదు. తెలిశాక ఇక వదల్లేదు. చుట్టాలు, ఆఫీసువాళ్ళు, హైదరాబాద్ స్నేహితులు, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మా బావ కుటుంబం, ఇలా చాలామందిని వెంటబెట్టుకుని వెళ్ళాను. బయల్దేరే ముందు ఫోన్లో ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తుంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. నాకు ఏ వైనరీతోనూ (వైన్ తయారుచేసే చోటు) వ్యాపార సంబంధం లేదు. ఈ తోటలు నాకిష్టం, ఇవి ఉండాలని నా కోరిక, అంతే.

ఇంతకీ ఈ ప్రాంతం ఎక్కడ ఉంది?

బెంగళూరుకు ఉత్తరాన. నంది హిల్స్ చుట్టూ దొడ్డబళ్ళాపురం, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం వైపు పరుచుకున్న భూములు. నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. కింద తోటలున్న నేల కూడా సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పగలు ఎండ బాగానే కాస్తుంది, చీకటి పడగానే చల్లబడిపోతుంది. ద్రాక్షకు కావలసింది సరిగ్గా ఇదే. పగటి ఎండకు పండులో తీపి ఎక్కుతుంది, రాత్రి చలికి పులుపు పోకుండా నిలబడుతుంది. రెండూ ఉంటేనే వైన్‌కి రుచి.

మనవాళ్ళకు ఈ కొండలు పరాయివేమీ కావు. పెన్న పుట్టేది ఇక్కడే, నంది కొండల దగ్గరి చెన్నకేశవ కొండలో. హిందూపురం, అనంతపురం, కడప, నెల్లూరు దాటి సముద్రంలో కలిసే నదికి మొదలు ఈ తోటల పక్కన ఉంది. పుట్టపర్తి మీదుగా పారే చిత్రావతి పుట్టుక కూడా ఈ చిక్కబళ్ళాపురం వైపే. ఇక్కడి పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. బాగేపల్లి, చిక్కబళ్ళాపురం సంతలో తెలుగులో బేరం చేస్తే ఎవరూ వింతగా చూడరు.

నాసిక్ ఉండగా ఇక్కడికెందుకు?

వైన్ తోటల్లో నాసిక్ పెద్దది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. వైనరీలు ఎక్కువ, రిసార్టులు ఎక్కువ, పేరూ ఎక్కువ. రెండు రోజులు తోటల మధ్యే ఉండాలంటే నాసిక్‌కే వెళ్ళండి. కానీ రాయలసీమ నుంచి గానీ బెంగళూరు నుంచి గానీ బయల్దేరితే నంది ఒక్క రోజు పని. హిందూపురం నుంచి కారులో రెండు గంటలలోపే. హైదరాబాద్ వాళ్ళకు విమానం దిగగానే దేవనహళ్ళి, తోటలు పక్కనే. జనం కూడా తక్కువ, కాబట్టి చూపించేవాళ్ళు మీతో నిలబడి మాట్లాడతారు, అడిగినదానికి ఓపిగ్గా చెప్తారు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

చరిత్ర పరంగా కూడా నంది చిన్నదేం కాదు. కన్వల్ గ్రోవర్ అనే పారిశ్రామికవేత్త దేశంలో చాలాచోట్ల నేలలు చూసి, ఫ్రాన్స్‌లో షాంపేన్ ప్రాంతానికి చెందిన వైన్ నిపుణుడు జార్జ్ వెసెల్ సాయంతో ఫ్రెంచి రకాలు నాటి పరీక్షించి, చివరికి నంది కొండల పాదాలనే ఎంచుకున్నాడు. 1988లో తోట మొదలైంది, 1992లో మొదటి వైన్ వచ్చింది. నాసిక్‌లో సూలా అనే వైన్ కంపెనీ తొలి వైన్ బయటికొచ్చింది 2000లో. బోర్డో నుంచి ప్రపంచమంతా తిరిగి సలహాలిచ్చే మిషెల్ రోలాండ్ లాంటి నిపుణుడు 1990ల మధ్య నుంచే ఈ తోటకు సలహాదారుగా పనిచేశాడు. తర్వాత, 2012లో, గ్రోవర్ కంపెనీ నాసిక్ వైపు ఉన్న జంపా అనే వైన్ కంపెనీతో కలిసి గ్రోవర్ జంపా అయింది. దొడ్డబళ్ళాపురం దగ్గర ఉన్న వీళ్ళ తోటకే ఎక్కువమంది వెళ్తారు.

వైన్ అంటే మన వైన్స్‌లో దొరికేదేనా?

ఈ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు. మన ఊళ్ళలో బోర్డు మీద "వైన్స్" అని ఉంటుంది, లోపల అమ్మేది ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు. అందుకే "వైన్ తోట చూడ్డానికి వెళ్తున్నాం" అంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కసారిగా గతుక్కుమంటారు. మా అమ్మ కూడా అంతే.

వైన్ అంటే పులిసిన ద్రాక్షరసం. పండులోని తీపిని ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఎక్కువ వైన్లలో ఆల్కహాల్ 12 నుంచి 14 శాతం. విస్కీ లాంటి వాటిలో 42.8 శాతం. మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు దొరికిన ఉదాహరణ ద్రాక్షారిష్టం. మా నాయనమ్మ నీరసానికి ఆయుర్వేదం కొట్టు నుంచి తెప్పించుకుని రోజూ రెండు మూతలు తాగేది. ఎండుద్రాక్ష కషాయాన్ని ధాతకీ పూలు వేసి పులియబెడితే వచ్చేదే అది, దాంట్లోనూ సొంతంగా పుట్టిన ఆల్కహాల్ కొంత ఉంటుంది. అలాగని వైన్ మందు అని నేననను. మద్యం మద్యమే, ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా చెప్తే నమ్మి మొదలుపెట్టకండి. పుట్టుక ఎలాంటిదో చెప్తున్నానంతే.

నాకు తాగే అలవాటు లేదు. నేను వెళ్తే ఏముంటుంది?

తోట ఉంటుంది! నేను తీసుకెళ్ళినవాళ్ళలో సగం మంది తాగనివాళ్ళే, తిరిగొచ్చేటప్పుడు ఎక్కువ మాట్లాడిందీ వాళ్ళే.

మొదటిసారి మా పెద్దత్తను తీసుకెళ్ళినప్పుడు కోత రోజులు. చూపించే అబ్బాయి షిరాజ్ అనే ఎర్రరకం ద్రాక్ష గుత్తి నుంచి నాలుగు కాయలు తెంపి ఆమె చేతిలో పెట్టాడు. మనం తినే ద్రాక్షలో సగం కూడా లేవు, నేరేడు రంగులో నిగనిగలాడుతున్నాయి. నోట్లో వేసుకుంది. తోలు మందం, లోపల గుజ్జు కొంచెమే, గింజలు పెద్దవి. "ఇంత తీపి ఏందిరా!" అంది ముందు. గింజ కొరికాక "వగరు" అంది. ఆ రెండు మాటల్లోనే రెడ్ వైన్ సంగతంతా ఉంది. తీపి ఆల్కహాల్ అవుతుంది, తోలు నుంచి రంగు, తోలు గింజల నుంచి ఆ వగరు వస్తాయి. ఆమె వేళ్ళకంటిన ఊదారంగు సాయంత్రం ఇంటికొచ్చి చింతపండుతో తోమేదాకా పోలేదు.

మామూలు తినే ద్రాక్ష కంటే వైన్ ద్రాక్ష తియ్యగా ఉంటుందని చాలామందికి తెలియదు. తీపిని బ్రిక్స్ అనే కొలతతో చూస్తారు. తినే ద్రాక్ష 18 దాకా వస్తే కోసేస్తారు, వైన్‌కి 22, 24 దాకా ఆగుతారు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

ఒక్కసారే వెళ్ళగలిగితే ఫిబ్రవరి. జనవరి నుంచి మార్చి దాకా కోతలు జరుగుతాయి. తెల్లరకాలు ముందు, ఎర్రరకాలు తర్వాత. గుత్తులు తీగ మీద ఉండగా చూడొచ్చు, కోసిన కాయ మిషన్‌లోకి వెళ్ళడమూ చూడొచ్చు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే ఇది మన దక్షిణాది తోటల ప్రత్యేకత. ఫ్రాన్స్‌లో చలికాలం తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర అంత చలి ఉండదు, తీగ నిద్రపోదు. వదిలేస్తే ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది, కాయ సరిగా రాదు. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి గట్టిగా, సెప్టెంబరు అక్టోబరుల్లో మళ్ళీ ఒకసారి. మొదటి కత్తిరింపుతో కొత్త కొమ్మ వస్తుంది, రెండో దానితో కాయ వస్తుంది. పంట మాత్రం ఒక్కటే తీస్తారు.

ఒక ఏప్రిల్‌లో వెళ్ళినప్పుడు తోటంతా మోళ్ళు. నాతో వచ్చినవాళ్ళు కాస్త డీలా పడ్డారు. అక్కడ కత్తెర పట్టుకుని పనిచేస్తున్న ఒక పెద్దావిడ మేం తెలుగువాళ్ళమని విని దగ్గరికి పిలిచి చూపించింది. "రెండు కండ్లు ఇడిసిపెట్టి పైది కత్తిరించల్ల. ఎక్కువ ఇడిస్తే ఆకే వస్తాది, కాయ రాదు" అని. కన్ను అంటే కొమ్మ మీద మొగ్గ. ఆవిడ చెయ్యి ఆగకుండా, లెక్కపెడుతున్నట్టే కనపడకుండా, ఒక్కో కొమ్మకు సరిగ్గా రెండు కళ్ళు వదిలి కోసుకుంటూ పోయింది. ఆ రోజు లోపలి రుచిగదిలో ఏం తాగామో నాకు గుర్తులేదు, ఇది గుర్తుంది.

వానాకాలంలో పచ్చగా బాగుంటుంది, కాయలుండవు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ ఎక్కువ, పెద్దవాళ్ళతో వద్దు.

లోపల ఏమేం చూపిస్తారు?

మామూలుగా గంటన్నర, రెండు గంటల పని. ముందు తోట, తర్వాత స్టీలు ట్యాంకులు, ఆ తర్వాత పీపాల గది, చివర రుచి చూడటం.

తోటలో కొన్నిచోట్ల వరుసల చివర గులాబీ మొక్కలుంటాయి. అందం కోసం అనుకుంటారు. బూడిద తెగులు గులాబీకి త్వరగా కనపడుతుందని వెనకటి నుంచి అలా నాటడం అలవాటు, తీగకు అంటకముందే రైతుకు కబురు అందినట్టు. బూజు తెగులు దగ్గరికొస్తే మన రైతులకు ఇంకా దగ్గరి సంగతి ఉంది. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే "బోర్డో మిశ్రమం" మన పల్లెల్లో బత్తాయి రైతు దగ్గర నుంచి తమలపాకు రైతు దాకా అందరికీ తెలుసు. ఆ బోర్డో ఏమిటని ఎప్పుడైనా అడిగారా? ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుపడ్డ ఊరు. 1880ల్లో అక్కడి ద్రాక్ష తోటలకు బూజు తెగులు తగిలినప్పుడు కనిపెట్టిన మందు అది. మా చిన్నాన్న నలభై ఏళ్ళుగా తన తోటలో కొడుతున్నాడు, ఈ కథ చెప్తే మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నాడు.

ట్యాంకుల దగ్గర వైట్‌కీ రెడ్‌కీ తేడా అడగండి. వైట్‌కి కాయ పిండి రసం మాత్రమే పులియబెడతారు. రెడ్‌కి తోలుతో సహా. పీపాల గది చల్లగా, కొంచెం చీకటిగా ఉంటుంది. తడి చెక్క, వెనిల్లా, పండిన పండు కలిసిన వాసన. ఓక్ చెక్కతో చేసిన ఒక్కో పీపాలో మామూలుగా 225 లీటర్లు పడుతుంది. అక్కడ ఫోటోల తొందరలో పడకుండా ఒక నిమిషం ఊరికే నిలబడండి.

రుచి ఎలా చూడాలి? తెలియక అక్కడ పరువు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఎవరి పరువూ పోదు. గ్లాసు కాడ పట్టుకోండి, గిన్నె పట్టుకుంటే చేతి వేడికి వైన్ వేడెక్కుతుంది. కొంచెం తిప్పండి, వాసన చూడండి, ఒక గుక్క నోట్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి అప్పుడు మింగండి. మింగడం ఇష్టం లేకపోతే పక్కన పెట్టిన పాత్రలో ఉమ్మేయొచ్చు. అది అమర్యాద కాదు, నిపుణులందరూ చేసేదే.

మాటల దగ్గర మాత్రం భయం వదిలేయండి. ఇంగ్లీషులో టానిన్ అని వాళ్ళు తంటాలు పడి వివరించేదానికి మనకు పుట్టుకతో వచ్చిన మాట ఉంది, వగరు. నేరేడు పండు తిన్నాక, పచ్చి జామకాయ కొరికాక నాలుక మీద పట్టుకునేది అదే. షిరాజ్‌లో మిరియాల వాసన వెతకండి, దొరుకుతుంది. తెల్లరకాల్లో సావిన్యోన్ బ్లాంక్ అనేదానిలో ఇప్పుడే కోసిన పచ్చి క్యాప్సికం గుర్తొస్తుంది. ఇంకో తెల్లరకం షెనిన్ బ్లాంక్ కొంచెం తేలిక, మొదటిసారి తాగేవాళ్ళకు ఎక్కువగా నచ్చేది అదే. మీకు కరక్కాయ గుర్తొస్తే కరక్కాయ అనే చెప్పండి. ఎవరికి ఏ పండు తెలుసో ఆ పండే నాలుకకు తగులుతుంది, యూరప్ వాళ్ళ పళ్ళ జాబితా మనం బట్టీ పట్టక్కర్లేదు.

ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. ఐదారు రకాలు కొంచెం కొంచెంగా పోసినా అన్నీ కలిపితే తక్కువేం కాదు, ఎండలో తోట తిరిగొచ్చాక ఇంకా త్వరగా ఎక్కుతుంది. నీళ్ళు బాగా తాగండి.

బెంగళూరు బ్లూ అని విన్నాను. అదీ వైన్ ద్రాక్షేనా?

తినే ద్రాక్షా అదే, వైన్ ద్రాక్షా అదే. ఈ చుట్టుపక్కల రైతులు తరతరాలుగా పండిస్తున్న నల్లద్రాక్ష అది. చిన్నప్పుడు బండి మీద కొనుక్కుని తోలు ఉమ్మేసి తిన్న కాయ. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. జ్యూస్, జామ్, తియ్యటి పోర్ట్ రకం వైన్ దీంతో చేస్తారు. ఫ్రెంచి రకాలతో పోలిస్తే వాసన గాఢంగా, వేరుగా ఉంటుంది. దాన్ని నాసిరకమని కొందరు తీసిపారేస్తారు, నేను ఒప్పుకోను. కాబెర్నె సావిన్యోన్ అనే ఫ్రెంచి ఎర్రరకం ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది. బెంగళూరు బ్లూ వాసన ఈ నేలది. ఈ ప్రాంతానికి పేరు రావాలంటే ముందు నిలబెట్టాల్సింది దీన్నే అని నా గట్టి అభిప్రాయం. రోడ్డు పక్కన కనపడితే ఒక కిలో కొనండి.

పిల్లలు, పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు వెళ్ళొచ్చా?

నిక్షేపంగా. వాతావరణం బారులా ఉండదు, పొలంలా ఉంటుంది. పిల్లలను తోటలోకి రానిస్తారా, టికెట్ ఎంత అన్నది ముందే అడగండి. 21 ఏళ్ళ లోపు వాళ్ళకు వైన్ పోయరు, వయసు చూపించే కార్డు దగ్గర పెట్టుకోండి. గర్భిణులు, మందులు వాడేవాళ్ళు రుచి జోలికి పోవద్దు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు తోటలో నడక కొంచెం ఇబ్బంది, ఎర్రమట్టి గట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి.

ఎలా వెళ్ళాలి? తాగాక డ్రైవింగ్ సంగతి?

రాయలసీమ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం. లేదంటే హిందూపురం, గౌరీబిదనూరు మీదుగా దొడ్డబళ్ళాపురం. రైల్లో అయితే దొడ్డబళ్ళాపురంలో దిగి ఆటో మాట్లాడుకోవాలి, తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోండి, తోటల దగ్గర బండ్లు దొరకవు.

డ్రైవింగ్ గురించి మాత్రం ఒక్కటే మాట. బండి నడిపేవాళ్ళు చుక్క కూడా ముట్టకూడదు. "రెండు గుక్కలే కదా" అని మా గుంపులో ఒకాయన తాళాలు తీసుకోబోతే నేను ఇవ్వలేదు. ఆ పూట ఆయన నాతో మాట్లాడలేదు, ఫర్వాలేదు. నలుగురు వెళ్తే ఒకరు తాగకుండా ఉండండి, లేదా డ్రైవర్‌ను పెట్టుకోండి. ఆ రహదారి మీద లారీలు ఏ వేగంతో వస్తాయో తెలిసినవాళ్ళెవరూ ఈ విషయంలో వాదించరు.

సీసాలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

కర్ణాటకలో ఉండేవాళ్ళయితే పరిమితి కనుక్కుని, బిల్లు తీసుకుని తెచ్చుకోండి. రాష్ట్రం దాటేవాళ్ళకు నా సలహా, తేవద్దు. ఒక రాష్ట్రంలో పన్ను కట్టిన మద్యం ఇంకో రాష్ట్రంలోకి తెస్తే అక్కడి ఎక్సైజ్ నిబంధనలు వేరు, అవి మారుతుంటాయి కూడా. చెక్‌పోస్టు దగ్గర కుటుంబంతో నిలబడి సంజాయిషీ చెప్పుకునేంత విలువ ఏ సీసాకీ లేదు. అక్కడే రుచి చూడండి, ద్రాక్షపళ్ళు ఇంటికి తెచ్చుకోండి.

దీనితో పాటు ఏం తింటే బాగుంటుంది?

చీజ్, బిస్కెట్లు పెడతారు, అవి వాళ్ళ పద్ధతి. మన తిండితో తాగాలంటే ఒక చిన్న సూత్రం గుర్తుంచుకోండి: కారం ఎక్కువైన కొద్దీ వగరు తగ్గాలి. రాగిసంగటి, నాటుకోడి పులుసు పక్కన గట్టి రెడ్ వైన్ పెడితే కారం రెట్టింపు మండుతుంది. అదే పులుసుకు కొంచెం తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ గానీ చల్లని రోజే (గులాబీ రంగు వైన్) గానీ హాయిగా ఉంటుంది. షిరాజ్‌కి మిరియాలు వేసిన మటన్ వేపుడు బాగుంటుంది. వేయించిన వేరుశనక్కాయలు దాదాపు దేనితోనైనా సరిపోతాయి, అనంతపురం వాణ్ణి కాబట్టి అంటున్నానని అనుకోకండి, నిజంగానే సరిపోతాయి.

అదే రోజు ఇంకేం చూడొచ్చు?

తెల్లవారుజామున నంది కొండ, కొన్ని రోజులు మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి. శని, ఆదివారాల్లో మాత్రం వద్దు, ట్రాఫిక్‌లోనే సూర్యుడు పైకొచ్చేస్తాడు. కొండ కింద నంది గ్రామంలో భోగనందీశ్వర ఆలయం తప్పకుండా చూడండి. సుమారు 9వ శతాబ్దం నాటి మొదలు, రాతి స్తంభాలు, మెట్ల కోనేరు. దగ్గర్లోనే ముద్దేనహళ్ళి, మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. వాళ్ళ పూర్వీకులది మన ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌ను కాపాడే పథకం వేసింది ఆయనే. 2023లో వచ్చిన ఆదియోగి విగ్రహం కూడా చిక్కబళ్ళాపురం పక్కనే.

గుడి పొద్దున, తోట మధ్యాహ్నం పెట్టుకోండి. తాగి గుడికి వెళ్ళే పరిస్థితి తెచ్చుకోవద్దు. తిరుగు ప్రయాణంలో మర్నాడు లేపాక్షి పెట్టుకుంటే రెండు రోజులకు సరిపోయే యాత్ర అవుతుంది.

ఇంత దగ్గర ఉండి మనకెందుకు తెలియలేదు?

మద్యానికి టీవీల్లో ప్రకటనలు ఇవ్వడానికి లేదు, కాబట్టి చూసొచ్చినవాళ్ళు చెప్తేనే ఇంకొకరికి తెలుస్తుంది. నాసిక్‌లో సూలా 2005లోనే తోటలో రుచిగది తెరిచింది, 2008 నుంచి అక్కడే వైన్ పండగ మొదలుపెట్టింది. జనం తోటకు వచ్చారు, ఊరికి పేరొచ్చింది. కర్ణాటక 2007లో వైన్ పాలసీ తెచ్చింది, వైన్ బోర్డు పెట్టింది, పండగలు కూడా చేసింది. అయితే అవి ఎక్కువగా బెంగళూరు నగరంలో జరిగాయి. జనం వచ్చారు, తాగారు, ఇంటికెళ్ళారు, తీగ చూడలేదు. పండగ దొడ్డబళ్ళాపురంలో, కోతల రోజుల్లో, మట్టి మీద జరగాలి. తోట దారుల్లో కనపడే బోర్డులుండాలి. కన్నడం, తెలుగు వచ్చిన ఊరి పిల్లలకు చూపించే పని నేర్పాలి. లేపాక్షి వచ్చే బస్సులకు ఈ తోటల సంగతి తెలియాలి. ఏదీ కోట్ల ఖర్చు కాదు.

మన రాష్ట్రాల్లో ఇలాంటివి లేవా? ఈ తోటల మీద మీకెందుకింత పట్టింపు?

హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ద్రాక్ష తోటలు ఎలా ఉండేవో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. అనాబ్-ఎ-షాహీ అనే పొడుగాటి తెల్లకాయకు హైదరాబాదే పేరు. ఆ తోటల్లో చాలావరకు ఇప్పుడు ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు. కొన్నిచోట్ల కాలనీ పేరు మీద మాత్రమే తోట మిగిలింది. దేవనహళ్ళి చుట్టూ ఇప్పుడు అదే జరుగుతోంది. విమానాశ్రయం వచ్చాక ఎకరం ధర ముందు ద్రాక్ష ఎలా నిలబడుతుంది? కిలో కాయ అమ్ముకుని నిలబడదు. చూడ్డానికి మనుషులు వచ్చి, ఊళ్ళో భోజనం చేసి, ఒక రాత్రి ఉండి, మళ్ళీ ఏడాది వస్తే కొంచెమైనా నిలబడుతుంది. నా పట్టింపంతా అందుకే.

తెలుగువాళ్ళు వైన్ చెయ్యడం లేదనుకోకండి. హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి కొండల దగ్గర, కొప్పళ జిల్లాలో, తోట వేసి కృష్మా పేరుతో వైన్ చేస్తున్నారు. ఇద్దరి పేర్లు కలిపితే వచ్చిన పేరే అది.

మాకు అటువైపు పొలం ఉంది. వచ్చేవాళ్ళతో మేమేమైనా సంపాదించగలమా?

వైన్ చేసి అమ్మడం లైసెన్సు లేకుండా కుదరదు, ఇంట్లో చేసింది రుచి చూపించి డబ్బు తీసుకోవడం కూడా తప్పే. కానీ వైన్ ఒక్కటే దారి కాదు. కోతల రోజుల్లో కాయ కోసుకోనివ్వండి, తూకం వేసి అమ్మండి. అప్పుడే తీసిన రసం పొయ్యండి. అరుగు మీద రాగిముద్ద, సొప్పు సారు (ఆకుకూర చారు) పెట్టండి, నగరం నుంచి వచ్చినవాళ్ళు దానికే మళ్ళీ వస్తారు. శుభ్రమైన బాత్రూం ఒకటి కట్టించండి, అన్నిటికంటే ముందు అదే, ఆడవాళ్ళున్న కుటుంబాలు దాన్ని చూసే ఉండాలా వెళ్ళాలా అని నిర్ణయించుకుంటాయి. తోటకు తెగుళ్ళ మందు కొట్టిన తర్వాత ఎన్నాళ్ళు ఆగాలో లెక్క చూసుకుని, ఆ గడువు దాటాకే జనాన్ని వరుసల్లోకి రానివ్వండి, కాయ తెంపి నోట్లో వేసుకోనివ్వండి.

వెళ్ళే ముందు ఫోన్ చేసి ఏం అడగాలి?

మొదటిసారి నేను ఫోన్ చెయ్యకుండానే పదిమందితో వెళ్ళి ఒక వైనరీ గేటు దగ్గర నుంచి తిరిగొచ్చాను, ఆ రోజు టూర్లన్నీ నిండిపోయాయి. అందుకని ఇవి అడగండి. ఆ రోజు టూరుందా, ఎన్ని గంటలకు, ఎంతమందిని తీసుకుంటారు, ధరలో ఎన్ని రకాల రుచి కలిసి ఉంది, తాగనివాళ్ళకు తక్కువ తీసుకుంటారా, భోజనం ఉందా. ఎన్నికల రోజులు, గాంధీ జయంతి లాంటి డ్రై డేలలో వైన్ పోయరు, తేదీ చూసుకోండి. తెలుగులో చెప్పేవాళ్ళున్నారా అని కూడా తప్పకుండా అడగండి. ఆ రోజు లేకపోయినా ఫర్వాలేదు. అడిగేవాళ్ళు పదిమంది అయితే పెడతారు.